తునికాకు రోజుల్లో పీకేసిన ర్యామ్

పాల్వంచలో బస్టాండుకు దగ్గరగా ఒక మేడ మీద ఉండిన కంప్యూటర్ సెంటర్ మూతపడి చాలా కాలమైంది. అక్కడ నేర్చుకున్న వాళ్లు పెళ్లిళ్లలోనో చావుల్లోనో కలిస్తే ఒకే మాట అంటారు, ఆ సెంటర్ లేకపోతే మన బతుకులు ఇట్లా ఉండేవి కావని. అబద్ధం కాదు. చాలామంది బాగుపడ్డారు. ఒక మనిషిని బాగుపడనివ్వని చోటు కూడా అదే. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. దాచిపెట్టి కాదు, వాళ్లకు గుర్తే లేదు. నవ్వినవాళ్లకు నవ్విన సంగతి గుర్తుండదు.

నేను దీన్ని రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. నేను ఇంటర్ తప్పినవాణ్ణి. ఆ తరువాత చదివిందంతా గ్రంథాలయంలోనే చదివాను, ఆ మాట చెప్పుకోవడానికి ఎప్పుడూ సిగ్గుపడలేదు. ఆపరేటింగ్ సిస్టంల మీద లావుపాటి ఇంగ్లిష్ పుస్తకాన్ని పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక ఎండాకాలం అంతా చదివాను. మెమరీ చాలనప్పుడు దేన్ని లోపల ఉంచాలి, దేన్ని బయటికి పంపాలి అనే అధ్యాయం నాకు నోటికి వచ్చు. ఆ సూత్రాన్ని మనుషుల మీద వాడితే ఏమవుతుందో మాత్రం ఆ పుస్తకంలో లేదు, తరువాత చదివిన పుస్తకాల్లోనూ లేదు. నేను కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయింది. సెంటర్‌లో పది మెషీన్లు ఉండేవి. ఒక్కొక్క మెషీన్‌లో పదహారు ఎంబీల ర్యామ్ ముక్కలు రెండు. ఆ రోజులకు కూడా అది తక్కువే. నేను ల్యాబ్ చూసుకునేవాణ్ణి. కేబుళ్లు సర్దడం, పిల్లల సందేహాలు తీర్చడం, సాయంత్రం బట్టతో కీబోర్డులు తుడవడం నా పని. యజమానిని అందరం సార్ అనేవాళ్లం. మంచి మాటకారి. ఎదుటివాళ్లలో ఏది నొప్పో వెతికి సరిగ్గా అక్కడే వేలు పెట్టేవాడు. నన్ను పేరుతో ఎన్నడూ పిలవలేదు. "ఏయ్ లైబ్రరీ" అనేవాడు. తిట్టాననుకునేవాడు. నాకది తిట్టులా అనిపించలేదు గాని, ఆ సంగతి అతనికి చెప్పలేదు.

నేర్చుకునేవాళ్లలో సగానికి పైగా థర్మల్ స్టేషన్ కాలనీ పిల్లలు. షిఫ్టు దిగిన తండ్రులు వాళ్లను స్కూటర్ మీద తెచ్చి దించేవారు. మిగిలినవాళ్లు బస్సుల్లో వచ్చేవారు. అట్లా వచ్చేవాళ్లలో ఒకామె ములకలపల్లి దాటి అడవి లోపలి గుంపు నుంచి వచ్చేది. మా వైపు కోయవాళ్ల చిన్న ఊళ్లను గుంపులనే అంటారు. పెళ్లయింది, చిన్న బిడ్డ ఉంది. బిడ్డను అత్త దగ్గర వదిలి, కాలినడకన రోడ్డు ఎక్కి, బస్సు పట్టుకుని వచ్చేది. వాళ్ల గుంపులో ఇంటర్ దాకా చదివిన ఆడమనిషి ఆమె ఒక్కతే. మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ను తీసుకుంటారని, ఈ కోర్సు సర్టిఫికెట్ ఉంటేనే తీసుకుంటారని ఎవరో చెప్పారు. ఆ ఒక్క కుర్చీ కోసం వచ్చింది. ఆ మాట దాచుకోలేదు కూడా.

"ఆ కుర్చీల కూసుంటే మావోళ్లు కాగితం పట్టుకొని పోయినప్పుడు, నిలబడ్డోళ్ల బాస తెలిసిన మనిషి ఒకతన్న లోపల ఉంటదన్నా" అంది నాతో.

ఆ కుర్చీ మీద కాలనీ కుర్రాడు ఒకడు కూడా కన్నేశాడు. చురుకైనవాడు, డిగ్రీ చదువుతున్నాడు. ఆ పోటీ సంగతి సార్‌కూ తెలుసు.

ఒకరోజు కాలనీ తండ్రులు ఇద్దరు వచ్చి, మెషీన్లు నత్తల్లా నడుస్తున్నాయని గొడవ చేశారు. వాళ్లు వెళ్లాక సార్ నన్ను పిలిచాడు.

"ఏయ్ లైబ్రరీ, కొత్త ర్యామ్ కొనకుంట మెషీన్లు జల్దీ నడవాలె. నీ పుస్తకాలు ఏమంటున్నయ్?"

అడిగినందుకు నాకు పొంగిపోయినట్టయింది. అప్పటిదాకా నన్ను ఎవరూ అట్లా అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, నేను అర్థం చేసుకున్న పద్ధతిలోనే చెప్పాను.

మా గ్రంథాలయంలో చదువుకునే బల్ల ఒకటే, బీరువాలు చాలా. బల్ల మీది పుస్తకాన్ని చేయి చాచి అందుకోవచ్చు. బీరువాలోది కావాలంటే అటెండర్ లేవాలి, తాళం తీయాలి, వెతకాలి. ర్యామ్ ఆ బల్ల లాంటిది, హార్డ్ డిస్క్ బీరువా లాంటిది. అన్నీ బల్ల మీద ఉంటే పని వేగంగా సాగుతుంది, కాని అంత బల్ల ఎవరికీ ఉండదు. అన్నీ బీరువాలోనే ఉంచితే జాగా మిగులుతుంది, కాని తిరగడంతోనే పొద్దు గడిచిపోతుంది. ఆపరేటింగ్ సిస్టం పనంతా ఈ రెంటి మధ్య పంచాయితీ తీర్చడమే. బల్ల నిండినప్పుడు కొత్త పుస్తకం రావాలంటే పాతది ఒకటి లోపలికి పోవాలి. ఏది పోవాలి? మా అటెండర్, ఎవరూ ముట్టుకోకుండా అందరికంటే ఎక్కువసేపటి నుంచి పడి ఉన్న పుస్తకాన్ని తీసేవాడు. పుస్తకంలోని సూత్రం కూడా అదే. ఇంతసేపూ అక్కరలేనిది ఇకముందు కూడా అక్కరలేకపోవచ్చునని ఒక అంచనా.

సార్ కళ్లు మెరిశాయి. "అంటే ఎవడు వాడ్తలేడో వానిది పీకాలె."

"పేజీలు సార్. మెమరీ పేజీల గురించి..."

"పేజీలైతేంది, పిల్లలైతేంది? ఎవలొస్తలేరో నీకు ఎర్కే గద. స్క్రూడ్రైవర్ తే."

ఆ రోజుల్లో ఒక్కో మెషీన్‌ను ఒక్కో విద్యార్థికి, కోర్సు అయ్యేదాకా, కేటాయించేవాళ్లం. సార్ పద్ధతి ఏమిటంటే, ఎక్కువ రోజులుగా రానివాళ్ల మెషీన్ మూత తీసి, రెండు ముక్కల్లో ఒకటి పీకి, రోజూ వచ్చేవాళ్ల మెషీన్‌లో పెట్టడం. మారే ముక్కలను పాత కళ్లద్దాల డబ్బాలో దూది పరిచి ఉంచేవాడు. కొన్నాళ్లు అది బాగానే పనిచేసింది, ఆ మాట నేను కాదనను. కోర్సు మధ్యలో మానేసినవాళ్ల మెషీన్లలో ఊరికే పడి ఉన్న మెమరీ, పనిచేసేవాళ్లకు వచ్చింది. కాలనీ పిల్లల మెషీన్లు పరుగెత్తాయి. తండ్రులు మళ్లీ మేడ ఎక్కలేదు. సార్ ఆ డబ్బాను చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు.

తరువాత ఎండలు ముదిరాయి, తునికాకు మొదలైంది.

మా అడవి వైపు తునికాకు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు గాని, తెలియనివాళ్ల కోసం చెప్తాను. బీడీలు చుట్టే ఆకు. వానలు పడకముందు కొద్దిరోజులే కోత. ఆ రోజుల్లో గుంపులో పొయ్యి దగ్గర కూడా ఎవరూ మిగలరు. తెల్లారకముందే అడవిలోకి పోయి కోస్తారు, నీడకు చేరి కట్టలు కడతారు, పొద్దు వాలేసరికి కల్లానికి మోస్తారు. కల్లం అంటే ఆకు కొనే చోటు. అక్కడ కల్లేదారు కట్టలు లెక్కపెట్టి తీసుకుంటాడు. వానాకాలం తిండి ఆ కట్టల్లోంచే వస్తుంది. ఆ రోజుల్లో పని ఎగ్గొట్టిన మనిషిని ఇంట్లోవాళ్లే క్షమించరు.

ఆమె పోయేముందు అందరి ఎదుటే సార్‌కు చెప్పింది. "సార్, ఆకు వచ్చింది. ఆకు అయిపోంగనే వస్త. పరీక్షకు ముందే వస్త."

"పో పో. చెట్టుకు కంప్యూటర్ కాస్తే మాక్కూడ ఒకటి కోసుకరా" అన్నాడు సార్. ల్యాబ్ అంతా నవ్వింది.

"చెట్టుకు కాస్తే మీ దాక రానిస్తమా సార్? అడివిలనే పంచుకుందుము" అని చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. అప్పుడు కూడా నవ్వారు, కాని ఆ నవ్వు సార్‌కు నచ్చలేదు.

వారం తిరగకుండా ఆమె మెషీన్ మూత తీశాడు. నేను అడ్డం వెళ్లాను.

"సార్, వస్తనని చెప్పే పోయింది గద."

"చెప్తరు. గీ అడివోళ్లు ఆకంటరు, ఇప్పపువ్వంటరు, జాతరంటరు. ఎప్పుడు చూడు ఏదో ఒకటి."

"ఇప్పపువ్వుకు పోయినప్పుడు గూడ చెప్పిన దినాన్నే వచ్చింది."

"నీ సూత్రమేంది? ఎవలు ఎక్కువ దినాలసంది వాడ్తలేరో వాళ్లది తియ్యాలె. అంతే గద? నేను తీస్తున్న."

అప్పుడు నేను పుస్తకంలోని మిగతా సగం చెప్పాను. ఈ సూత్రం ఎక్కడ దెబ్బతింటుందో కూడా అందులోనే ఉంది. పోయి, మళ్లీ తిరిగి, అదే వరసలో వచ్చే పేజీలున్నప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది. సరిగ్గా మళ్లీ కావలసి వచ్చే ముందే ప్రతి పేజీనీ బయటికి నెడుతుంది. దీనికంటే మంచి సూత్రం ఒకటి ఉంది. అందరికంటే ఆలస్యంగా ఏది కావలసి వస్తుందో దాన్ని పంపాలి. కాని అది కుదరదని పుస్తకమే అంటుంది, ముందు జరగబోయేది మెషీన్‌కు తెలియదు కాబట్టి. మిగతా సూత్రాలన్నీ ఆ తెలియనితనానికి వేసిన అతుకులే.

"మెషీన్ పేజీని అడగలేదు సార్, ఎప్పుడొస్తవని. మనం అడగొచ్చు. అడగకముందే ఆమె చెప్పి పోయింది. తెలిసిన దాన్ని తెలియనట్టు అంచనా ఎందుకు కట్టాలె?"

సార్ స్క్రూడ్రైవర్ నా వైపు చూపించాడు. "చదువు ఎక్కువైతే గిట్లనే ఉంటది. నీకు నెల నెలా జీతమిచ్చేది ఆ పుస్తకమా, నేనా?"

ముక్క పీకాడు. అది కాలనీ కుర్రాడి మెషీన్‌లోకి పోయింది.

ఆకు అయిపోయింది. చెప్పిన రోజునే ఆమె వచ్చింది. ముఖం మాడిపోయి ఉంది. ఆకు పసరుకు వేళ్లు నల్లబడ్డాయి, గోళ్ల కింద కూడా నలుపే.

"ఏందమ్మా, కీబోర్డుకు రంగేస్తవా?" అన్నాడు సార్ ఆ చేతులు చూసి.

"కడిగినా పోదు సార్. మీ మాటల లెక్క."

మెషీన్ వేసింది. తెర వచ్చేసరికి పక్కన కూర్చున్నవాడు ఒక పాఠం చదివేశాడు. ముందు భాగంలో ఉండే చిన్న ఎర్రలైటు, హార్డ్ డిస్క్ పనిచేస్తున్నప్పుడు వెలిగేది, ఆరడం లేదు. లోపల గరగరమని చప్పుడు. బల్ల మరీ చిన్నదైపోతే ఇట్లాగే అవుతుంది. అటెండర్ ఒక పుస్తకం తెస్తాడు, దానికి చోటు కోసం ఇంకొకటి మోసుకుపోతాడు, మోసుకుపోయిందే మళ్లీ కావలసి వస్తుంది. మోయడం తప్ప చదవడం ఉండదు.

"అన్నా, గిది గురక పెడ్తున్నదేంది?"

చెప్పాను. విని ఆ మెషీన్ మీద చేయి పెట్టింది.

"నాది ఎవలకు పెట్టిండ్రు?"

నేను చూపించనక్కర్లేకపోయింది. కుర్రాడే వెనక్కి తిరిగాడు. తెర మీద కారు పందెం ఆట నడుస్తోంది.

"ఆకు కోసేటోళ్లకు ఎంబీలెందుకక్కా, కిలోలు చాలు" అన్నాడు. వాడి చుట్టూ ఉన్నవాళ్లు బల్లలు చరుస్తూ నవ్వారు. ఆమె లేచి సార్ గదిలోకి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది, అందరికీ వినిపించింది.

"రూలమ్మా. నాది గాదు, సైన్సు. కావాలంటే గా లైబ్రరీనే అడుగు. ఆయన చెప్పిందే."

బయటికి వచ్చి నా ముఖం చూసింది. అడుగుతుందని నేను జవాబు సిద్ధం చేసుకున్నాను, పుస్తకంలోని మిగతా సగం అంతా. ఆమె అడిగింది వేరు. "పరీక్షకు ఇంక శానా దినాలు లేవు. గిది గిట్ల ఉండంగనే నడుస్తదా, నడవదా? గది చెప్పు."

మేడ కింద రేడియోలు, టీవీలు బాగుచేసే చాచా ఉండేవాడు. వాళ్ల తాత కాలం నుంచి ఆ ఊళ్లోనే అంగడి. పాత ర్యామ్ ముక్క ఏదైనా ఉందేమోనని అడిగాను. పనికిరాని సామాను గంపంతా నేల మీద పోసి ఒకటి ఏరాడు. తెచ్చి పెడితే మెషీన్ ఆగకుండా కీచుమంది.

"గిది ముక్క గాదు బేటా, మయ్యత్. పీనుగు" అన్నాడు చాచా దాన్ని వెనక్కి తీసుకుంటూ. "కాని ఒక మాట. టీవీ చిన్నదైతే బొమ్మ చిన్నగ చూస్తం. చూడకుంట ఉండం."

ఇక ఉన్నదాంట్లోనే సర్దాలి. ఆమె పరీక్ష కోసం రాసిన ప్రోగ్రాం, కల్లం లెక్క. ఏ కుటుంబం ఏ రోజు ఎన్ని కట్టలు తెచ్చిందో చూపిస్తుంది. వెనుక తునికాకు కొమ్మ బొమ్మ పెట్టింది, స్కానర్ మీద నిజమైన కొమ్మను పరిచి తీసిన బొమ్మ. చాలా అందంగా ఉండేది. ముందు అది పోయింది. పోగొట్టేటప్పుడు రెండుసార్లు వేలు వెనక్కి తీసుకుంది. ప్రోగ్రాం తెరవగానే గుంపు మొత్తం లెక్కలను ఒకేసారి మెమరీలోకి తెచ్చుకునేట్టు రాసింది, ఏ ఇంటి మీద నొక్కినా వెంటనే రావాలని. దాన్ని మార్చి, నొక్కిన ఇంటిది మాత్రమే డిస్క్ నుంచి తెచ్చేట్టు చేశాం. ఇప్పుడు ప్రతి నొక్కుకూ ఆగాలి. కాని మెమరీలో చోటు మిగులుతుంది.

"వేగం కావాలంటే జాగా ఇయ్యాలె. జాగా లేకుంటే టైం ఇయ్యాలె" అన్నాను.

"అయితే టైమే ఇద్దాం. గదే ఉన్నది మా దగ్గర."

చివరగా, ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్ అవసరం లేకుండా దానంతటదే నడిచే ఫైలుగా మార్చాం. ఎక్కువ మెమరీ తినేది ఆ సాఫ్ట్‌వేరే. అది తెరవకపోతే పదహారు ఎంబీల్లో కూడా ఆమె కల్లం నడిచింది. మెల్లగా, తప్పు లేకుండా. మొదటిసారి నడిచినప్పుడు ఆమె నల్లటి చేతులతో చప్పట్లు కొట్టింది.

పరీక్ష రోజు హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడు, ఎవరినీ ఏకవచనంతో పిలవలేదు. సాయంత్రం కొత్తగూడెంలో రైలు అందుకోవాలని వచ్చీరాగానే చెప్పాడు. పద్ధతి కూడా చెప్పాడు: ప్రోగ్రాం నడిపి చూపించాలి, తరువాత ఆయన చెప్పిన చిన్న మార్పును కోడ్‌లో అక్కడికక్కడే చేసి మళ్లీ నడపాలి. అది వినగానే నేను ఆమె మెషీన్ వైపు చూశాను. కోడ్ తెరవాలంటే ఆ సాఫ్ట్‌వేర్ తెరవక తప్పదు.

సార్‌ను పక్కకు తీసుకెళ్లి, ఆ ఒక్క రోజుకు ఆమె ముక్క ఆమెకు ఇమ్మన్నాను.

"ఇయ్యాల అందరు వాడ్తున్రు. ఎవలది తియ్యాలె? రూల్ ప్రకారం అందరి కంటె ఎక్కువ దినాలు వాడనిది ఆమెదే" అని జేబు మీద తట్టుకున్నాడు.

కుర్రాడి పరీక్ష ముందే అయిపోయింది. వాడి మెషీన్ ఊరికే ఉంది. ఆమెను అక్కడ కూర్చోబెడతానన్నాను. వాడు సార్ వైపు చూశాడు. సార్ తల అడ్డంగా ఊపాడు. "ఎవల మెషీన్ మీద వాళ్లే. గది గూడ రూలే."

ఆమె వంతు వచ్చింది. తయారుగా ఉన్న ఫైలు నడిపింది. పరీక్షకు వచ్చినాయన ఆసక్తిగానే చూశాడు. కల్లమంటే ఏమిటని అడిగాడు, ఆమె చెప్పింది. బాగుందన్నాడు. తరువాత అన్నాడు, "ఒక రోజు అసలే ఆకు తేని కుటుంబాలు ఎర్రగా కనిపించాలమ్మా. మార్చి చూపించండి."

ఆమె కోడ్ తెరిచింది. ఎర్రలైటు వెలిగి నిలిచిపోయింది. తెర మీద బాణం పోయి ఇసుక గడియారం వచ్చింది. చాలాసేపటికి కోడ్ కనిపించింది. ఆమె టైపు చేసింది. అక్షరాలు రాలేదు. ఆగి చూడలేదు. వస్తాయని నమ్మి, తెర వైపు చూడకుండా మొత్తం కొట్టేసింది. లోపల గరగర. పరీక్షకు వచ్చినాయన కాలు మార్చుకుని నిలబడ్డాడు.

"అడివి స్పీడు సార్. వాళ్ల ఊరికి బస్సు గూడ ఇట్లనే వస్తది" అన్నాడు మా సార్.

ఆయన నవ్వాడు. పెద్దగా కాదు, మర్యాదకు నవ్వినట్టు.

అక్షరాలన్నీ ఒక్కసారిగా తెర మీద పడ్డాయి. ఒక్క తప్పు లేదు. ఆమె నడిపే బటన్ నొక్కింది. మళ్లీ ఇసుక గడియారం. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు, పక్క మెషీన్ చూశాడు, మళ్లీ ఈ తెర చూశాడు.

"సరేనమ్మా. పూర్తి కాలేదు. మిగతావాళ్లను చూడాలి" అని ముందుకు కదిలాడు.

ఆమె కదలలేదు. మిగిలినవాళ్ల పరీక్షలన్నీ అయ్యేదాకా ఆ తెర ఎదుటే కూర్చుంది. మెషీన్‌ను ఆపలేదు, మరో మీట నొక్కలేదు. ఆయన సంచి సర్దుకుంటుండగా తెర మారింది. కుటుంబాలన్నీ వరసగా వచ్చాయి, ఆకు తేనివాళ్లు ఎర్రగా. నేను మెట్ల దాకా పరుగెత్తి ఆయన్ని ఆపాను.

"వచ్చింది సార్. కరెక్టుగా వచ్చింది. ఒక్కసారి చూడండి. ఆమె మెషీన్‌లో మెమరీ సగమే ఉంది."

ఆయన సౌమ్యంగానే జవాబిచ్చాడు. "కరెక్టే కావచ్చు బాబూ. టైంలో రాలేదు. టైం కూడా మార్కే కదా." రైలు ఉందని మళ్లీ చెప్పి దిగిపోయాడు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది.

తిరిగి వచ్చేసరికి ఆమె మెషీన్‌ను పద్ధతిగా మూసి, కుర్చీ లోపలికి నెడుతోంది. కుర్రాడు దారి ఇవ్వడానికి కాళ్లు ముడుచుకుని, "అక్కా, ఎర్రగ వచ్చిందంట గద" అన్నాడు. ఆమె వాడి భుజం మీది నుంచి తెర చూసింది. కారు పందెం. "మంచిగ ఉరుకుతున్నది. నాదే గద" అని దిగిపోయింది.

తప్పినవాళ్లకు మరో పరీక్ష ఉంటుంది. ఎప్పుడన్నది సెంటర్ ఇష్టం. సార్ దాన్ని మరుసటి ఎండాకాలంలో పెట్టాడు, సరిగ్గా ఆకు రోజుల్లో. నేను చెప్పాను. "పరీక్ష ఆకు కోసం ఆగుతదా? ఆకునే ఆగుమను" అన్నాడు. ఆ కబురు నేనే ములకలపల్లి బస్సు దగ్గర ఆమెకు చెప్పాను. బిడ్డను ఎత్తుకుని ఉంది.

"ఆకు ఇడిస్తే వానకాలం ఏం తినాలె?" అంది. నన్ను కాదు, పరీక్షను అడిగినట్టు. తరువాత బస్సు కదిలింది. పరీక్షకు ఆమె రాలేదు.

మండలాఫీసు కుర్చీ కాలనీ కుర్రాడికి వచ్చింది. నాలుగు నెలలు కూర్చుని, పట్నంలో ఇంకా మంచిది దొరికి వదిలేసి పోయాడు. కుర్చీ ఖాళీ అయింది. మళ్లీ పిలిచినప్పుడు కూడా సర్టిఫికెట్ అడిగారు. ఆ ఏడాది చాలాకాలం మండలాఫీసు మెషీన్ మీద గుడ్డ కప్పి ఉండేది. అడవి నుంచి కాగితాలు పట్టుకుని వచ్చినవాళ్లు కిటికీ దగ్గర నిలబడి, లోపలి ఖాళీ కుర్చీ వైపు చూసి పోయేవారు.

ఇట్లాంటివి రాసినప్పుడు సాయం చేసినవాళ్ల పేర్లు చివర రాయడం మర్యాద. బయటికి ఇవ్వకూడని ఆ లావు పుస్తకాన్ని ఆదివారాలు ఇంటికి తీసుకుపోనిచ్చిన గ్రంథాలయం అటెండర్‌కు నేను రుణపడ్డాను. ఇందులో నేను మరిచినవి గుర్తు చేసిన చాచాకు, ఆమె ఇప్పుడు ఎక్కడుందో కనుక్కుని చెప్పిన ములకలపల్లి బస్సు కండక్టరుకు నమస్కారం. వాళ్ల పేర్లు రాసే ఉంచాను. ఆమె పేరు కూడా రాశాను. అచ్చుకు ఇచ్చే ముందు గుంపుకు పోయి అంతా చదివి వినిపించాను. మధ్యలో రెండుచోట్ల తప్పు దిద్దింది. అంతా అయ్యాక, "మంచిగ రాసినవన్నా. నా పేరు తీసెయ్" అంది.

సార్ అంటే ఇంకా భయమా అని అడిగాను.

"ఆయనెవలు? మా గుంపుల నేను పరీక్ష తప్పిన అని చెప్పలే. నాకే మనసు లేక ఇడిసిపెట్టిన అని చెప్పిన. నన్ను తిట్టిన్రు, మా అత్త ఇప్పటికీ తిడ్తది. తిట్టుకుంటనే తర్వాత ఇద్దరు ఆడపిల్లలను సదువుకు పంపిన్రు. గిది సదివితే, పోయినా మనోళ్లను రానియ్యరని ఇంక ఎవలను పంపరు."

ఆమె పేరు తీసేశాను. ఆమెది లేనిచోట మిగతావి ఎందుకని, అన్నీ తీసేశాను.